ఒక కంప్యూటరా, మూడు కంప్యూటర్లా? ముందు అది చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గొడవ ఒక్కటే. కొట్టుకో మిల్లుకో సొంతంగా బిల్లింగ్ ప్రోగ్రాం రాసుకుంటున్నారు, లేకపోతే తెలిసిన కుర్రాడి చేత రాయించుకుంటున్నారు, తీరా డేటా ఎందులో పెట్టాలో తేలక అక్కడే ఆగిపోయారు. అందుకని ఫోన్ల ప్రశ్నలు, ప్రింటర్ల ప్రశ్నలు వచ్చే నెలకి తోసేసి ఈసారి పేజీలన్నీ డేటాబేస్‌లకే ఇచ్చేశాను. కొందరు పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, ఊరు మాత్రం వేశాను.

మాస్టారూ, నమస్తే. నేను బీసీఏ ఫైనలియర్. మా మావయ్యకి హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. సీ షార్ప్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తున్నాను. మా లెక్చరర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడమన్నారు, ఫ్రెండు మైఎస్‌క్యూఎల్ అంటున్నాడు, యూట్యూబ్‌లో ఒకాయన యాక్సెస్ చాలన్నాడు. రోజుకి 200 బిల్లులవుతాయి. పదేళ్ల డేటా పడితే వీటిలో ఏది తట్టుకుంటుంది? – పర్లాకిమిడి

తమ్ముడూ, ముందు ఆ పదేళ్ల భయం తీసేద్దాం, కాగితం తీసుకో. రోజుకి 200 బిల్లులు, బిల్లుకి సగటున 8 సరుకులు అనుకుంటే రోజుకి 1,600 వరసలు. ఏడాదికి 300 రోజులు కొట్టు తీస్తే 4,80,000. వరసకి నూరు బైట్లు వేసుకో, 48 ఎంబీ. ఇండెక్సులూ అవీ ఇవీ కలిపి రెట్టింపు చేసినా ఏడాదికి నూరు ఎంబీ, పదేళ్లకి ఒక జీబీ. మీ ఇంట్లో పెళ్లి వీడియో ఇంతకంటే పెద్దది ఉంటుంది. అందరూ తిట్టే యాక్సెస్ ఫైలు కూడా 2 జీబీ దాకా పడుతుంది. అంటే నువ్వు చెప్పిన మూడూ తట్టుకుంటాయి, బిల్లుల ఫొటోలు స్కాన్ చేసి టేబుల్లోనే కుక్కనంత వరకు. ఫొటోలు ఫోల్డర్లో పెట్టుకుని ఫైలు పేరు మాత్రం టేబుల్లో రాసుకో.

అసలు ప్రశ్న నన్ను కాదు, మీ మావయ్యని అడగాలి. బిల్లు కొట్టే కంప్యూటర్లు ఎన్ని? ఇప్పుడెన్ని, రెండేళ్లకి ఎన్ని? ఒక్కటే, ఎప్పటికీ ఒక్కటే అంటే ఎస్‌క్యూలైట్ పెట్టు, ఇంక ఆలోచించకు. దీనికి సర్వర్, అంటే వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన వేరే ప్రోగ్రాం, ఉండదు, ఇన్‌స్టాల్ చేయడానికి ఏమీ ఉండదు, నీ ప్రోగ్రాంతోపాటే చిన్న లైబ్రరీగా వెళ్తుంది, డేటా అంతా ఒకే ఫైలు. 2000లో రిచర్డ్ హిప్ అనే ఆయన మొదలుపెట్టి, ఎవరైనా ఎలాగైనా వాడుకోండని వదిలేశాడు, లైసెన్సు గొడవే లేదు. చిన్నది కదా అని చిన్నచూపు చూడకు, నీ ఫోన్లో కాంటాక్టులు ఉన్నది ఇందులోనే.

నేను ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రేపు నీకు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉద్యోగం వస్తుంది, వెళ్లిపోతావు. సర్వర్ పెట్టావంటే ఏదో ఒక రోజు పొద్దున్న ఆ సర్వీసు స్టార్ట్ అవదు, కొట్టు ముందు ఆటోలు ఆగి ఉంటాయి, మీ మావయ్య ఫోన్ చేస్తాడు, నువ్వు మీటింగులో ఉంటావు. ఎస్‌క్యూలైట్ అయితే ఆయన చేయాల్సిందల్లా ఒక ఫోల్డరు కాపీ చేసి ఇంకో కంప్యూటర్లో పెట్టుకోవడమే. ఆ మాత్రం పక్క కొట్టు కుర్రాడు కూడా చేసిపెడతాడు. కరెంటు సంగతి కూడా చూసుకో. బిల్లు మధ్యలో కరెంటు పోతే ఎస్‌క్యూలైట్ పక్కన చిన్న జర్నల్ ఫైలు ఉంచుకుని, మళ్లీ తెరిచినప్పుడు సగం రాసినదాన్ని వెనక్కి తీసేస్తుంది. కాకపోతే బిల్లు హెడ్డరు, సరుకుల వరసలు, స్టాకు తగ్గింపు మూడూ కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే అన్నీ పడాలి లేకపోతే ఏదీ పడకూడదు అన్నట్టు, రాయాలి. విడివిడిగా రాస్తే ఏ దేవుడూ కాపాడలేడు, బిల్లు ఉంటుంది, అందులో సరుకులుండవు. స్పీడు కూడా దీనిమీదే ఉంటుంది, పాత తిరిగే హార్డ్ డిస్కుమీద విడివిడి ట్రాన్సాక్షన్లు సెకనుకి అరవైకి మించి సాగవు. నాలుగు వేల సరుకుల లిస్టు ఎక్కించడానికి నిమిషం పైనే పట్టిందంటే డేటాబేస్ నెమ్మది అనుకోకు, ట్రాన్సాక్షన్ పెట్టడం నువ్వు మర్చిపోయావు.

ఇప్పుడు నీ టేబుల్ డిజైన్ గురించి, నువ్వు అడక్కపోయినా చెప్తాను, ఎందుకంటే డేటాబేస్ ఏదైనా కొంప ముంచేది ఇక్కడే. ఎస్‌క్యూలైట్‌లో డెసిమల్ అనే రకం లేదు, డబ్బుని దశాంశంలో పెడితే పైసలు జారిపోతాయి. పది పైసల్ని 0.1గా పదిసార్లు కలిపి చూడు, రూపాయి రాదు, 0.9999999999999999 వస్తుంది. అందుకని మొత్తాన్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచుకో, 125 రూపాయల 50 పైసలు అంటే 12550, తెరమీద చూపించేటప్పుడు నూరుతో భాగించు. ఫారిన్ కీలు, అంటే ఒక టేబుల్ వరసని ఇంకో టేబుల్ వరసతో కట్టి ఉంచే లింకులు, ఇందులో డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి, లేకపోతే ఎవరో సరుకు డిలీట్ చేస్తారు, పాత బిల్లులు అనాథలైపోతాయి. టేబుల్ తయారుచేసేటప్పుడు స్ట్రిక్ట్ అని పెట్టు, 2021లో వచ్చింది ఆ సదుపాయం, అది లేకపోతే అంకెల కాలమ్‌లో 'రేపిస్తాడు' అని రాసినా కిక్కురుమనకుండా తీసుకుంటుంది.

జీఎస్‌టీ కోసం సరుకు రకాన్ని చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్‌ని అంకెగా పెట్టకు, టెక్స్టుగా పెట్టు. జీడిపప్పు కోడు 0801, అంకెగా పెడితే సున్నా ఎగిరిపోయి 801 అవుతుంది. మీ కొట్టుకి పాతపట్నం నుంచి వచ్చి సరుకు పట్టికెళ్లే చిల్లర కొట్లవాళ్లు తప్పకుండా ఉంటారు, మధ్యలో గట్టిగా నడిస్తే రాష్ట్రం మారిపోతుంది కదా. మీ జీఎస్‌టీ నంబరు 21తో మొదలవుతుంది, వాళ్లది 37తో. ఒడిశాలోపలైతే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, అవతలికైతే ఐజీఎస్‌టీ. కాబట్టి సప్లై జరిగే రాష్ట్రం కోడు ప్రతి బిల్లు మీదా ఒక కాలమ్‌గా ఉండాలి, కస్టమర్ల జాబితాలో, అంటే కస్టమర్ మాస్టర్లో ఉంది కదా అని వదిలేయకూడదు, ఆయన రేపు అడ్రసు మార్చుకుంటే పాత బిల్లు కూడా మారిపోతుంది. పన్ను రేటు కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారాయి కదా, రేటుని సరుకు మాస్టర్లో మాత్రమే పెట్టుకున్నవాళ్లు ఆగస్టు బిల్లుని మళ్లీ ప్రింటు తీస్తే కొత్త రేటుతో వస్తుంది. రేటు బిల్లు వరసలోనే రాసి పడేయాలి, మళ్లీ దాన్ని ముట్టుకోకూడదు.

ఇంతా అయ్యాక మీ మావయ్య 'రెండేళ్లలో గోడౌన్లో ఇంకో కంప్యూటర్ పెడదామనుకుంటున్నాం' అంటే అప్పుడు ఫైర్‌బర్డ్ అనే ఇంకో ఉచిత డేటాబేస్ చూడు. ఇవాళ ప్రోగ్రాంలోనే కలిసిపోయి ఒక ఫైలుగా ఉంటుంది, రేపు అదే ఫైలుని సర్వర్ కింద పెట్టుకోవచ్చు, కోడ్‌లో మారేది కనెక్షన్ సెట్టింగు ఒక్కటే. నాకు దానిమీద కొంచెం మమకారం ఉందని ఒప్పుకుంటాను. మన వైపు అది తెలిసినవాళ్లు తక్కువ, నువ్వు లేనప్పుడు చూసేవాడు దొరకడం కష్టం, ఆ మాట కూడా చెప్పాలి కదా.

బాబూ, నా వయసు 61. మాది ఎరువులు, విత్తనాల వ్యాపారం. ఆరేళ్ల కిందట ఒక కుర్రాడు యాక్సెస్‌లో ప్రోగ్రాం చేసిపెట్టి విశాఖపట్నం వెళ్లిపోయాడు. మొదట ఒక కంప్యూటర్, బాగానే నడిచింది. ఇప్పుడు మూడు. ఫైలు గోడౌన్ కంప్యూటర్లో ఉంది, మిగతా రెండూ అందులోంచే చూస్తాయి. సీజన్లో వారానికోసారి డేటాబేస్ ఫార్మాట్ గుర్తుపట్టలేదని వచ్చి ఆగిపోతోంది. ఎక్కువ ర్యామ్ వేస్తే సరిపోతుందా? – రాయగడ

అయ్యా, ర్యామ్ డబ్బులు దాచుకోండి. మీ దగ్గర జరుగుతున్నది ఇది: చిట్టాపుస్తకం ఒక్కటి, గుమాస్తాలు ముగ్గురు, ముగ్గురూ వాళ్ల చేతులతో వాళ్లే ఆ పుస్తకం పేజీలు తిప్పి రాసేస్తున్నారు. పక్కన లాక్ ఫైలు ఒకటి ఉంటుంది, 'ఈ పేజీ నేను రాస్తున్నాను, ఆగండి' అని అందులో గుర్తు పెట్టుకుంటారు, అంతే. ఎవరో ఒకరు పేజీ సగం రాసి ఉండగా వైఫై తెగిందనుకోండి, లేదా గోడౌన్లో ఎవరో స్విచ్ కట్టేశారనుకోండి, ఆ పేజీ సగంలోనే ఉండిపోతుంది, ఆ తర్వాత తెరిచినవాడికి మీరు చెప్పిన మెసేజ్ వస్తుంది. సర్వర్ అంటే రేషన్ షాపు కిటికీ లాంటిది. పుస్తకం లోపల ఒక్కడి చేతిలో ఉంటుంది, బయటివాళ్లు చీటీ ఇస్తారు, రాసేది లోపలివాడే. బయట ఎవరి వైఫై తెగినా పుస్తకానికి ఏమీ కాదు.

ఈ వారంలోనే చేయగలిగినవి చెప్తాను. కౌంటర్ కంప్యూటర్లని వైఫై తీసేసి వైరుతో కలపండి, గోడౌన్ కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి దాని ప్లగ్గు మీద 'కట్టొద్దు' అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంటించండి. రోజూ రాత్రి అందరూ ప్రోగ్రాం మూసేశాక ఫైలు ఒక కాపీ తీసి, ఆ తర్వాతే కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కండి. రిపేర్ అన్నారు కదా అని కాపీ తీయకుండా నొక్కొద్దు, అది పాడైన వరసల్ని బాగుచేయదు, ఒక్కోసారి తీసి పారేస్తుంది.

అసలు మందు మాత్రం డేటాని సర్వర్‌లోకి మార్చడమే. మీకు కొత్త ప్రోగ్రాం అక్కర్లేదు, ఇది చాలామందికి తెలియదు. యాక్సెస్‌లో ఉన్న ఫారాలు, రిపోర్టులు అలాగే ఉంచి టేబుళ్లని మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి పంపి, అక్కడి నుంచి లింక్ చేసుకోవచ్చు. ఆ మార్చడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత టూల్ ఉంది, మైగ్రేషన్ అసిస్టెంట్ ఫర్ యాక్సెస్ అని. మీ కౌంటర్లో కూర్చునేవాళ్లకి తెర ఏమీ మారినట్టు కనిపించదు. ఎక్స్‌ప్రెస్ ఉచితమే, 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్ 10 జీబీ, 2025 వెర్షన్‌లో 50 జీబీ. ఎరువుల కొట్టుకి అందులో పదో వంతు కూడా నిండదు.

మార్చే కుర్రాడికి రెండు ముక్కలు నా మాటగా చెప్పండి. ఎక్స్‌ప్రెస్ పెట్టగానే పక్క కంప్యూటర్ నుంచి కనెక్ట్ అవదు, టీసీపీ ఐపీ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పోర్టు 1433కి కట్టేసి ఫైర్‌వాల్లో దారి ఇవ్వాలి. ఇది తెలియక నేను మొదటిసారి ఒక పూట పూర్తిగా కేబుల్ మార్చుకుంటూ కూర్చున్నాను. రెండోది, బిల్లు నంబరుకి ఐడెంటిటీ కాలమ్, అంటే సర్వర్ తనంతట తనే నంబరు వేసే కాలమ్, వాడొద్దు. ఈ తప్పు కూడా నాదే, ఒక హార్డ్‌వేర్ కొట్టుకి చేశాను. సర్వర్ స్పీడు కోసం వెయ్యి నంబర్లు ముందే జేబులో వేసుకుంటుంది, కరెంటు ఉన్నట్టుండి పోతే ఆ జేబు పోయినట్టే. మర్నాడు ఉదయం 312వ బిల్లు తర్వాతి బిల్లు నంబరు వెయ్యి దాటిపోయింది. ఓనరు గారు ఏమీ అనలేదు కానీ ఆయన ఆడిటర్ గారు మాత్రం మధ్యలో బిల్లులన్నీ ఎక్కడ దాచావని నన్ను ఒక చూపు చూశారు, ఆ చూపు ఇంకా గుర్తుంది. జీఎస్‌టీ బిల్లు నంబరు వరసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. దానికోసం చిన్న టేబుల్ ఒకటి పెట్టి, బిల్లు రాసే ట్రాన్సాక్షన్‌లోనే 'ఆఖరి నంబరు' ఒకటి పెంచి తీసుకోవడం మేలు.

మీ కుర్రాడికి పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో ఉచిత సర్వర్ డేటాబేస్ బాగా వచ్చంటే అదే పెట్టించండి, నాకేం అభ్యంతరం లేదు. దానికి సైజు పరిమితి గొడవ లేదు, డబ్బుకి న్యూమరిక్ అనే చక్కటి రకం ఉంది. ఇక్కడ మంచి డేటాబేస్ కంటే ఫోన్ ఎత్తే కుర్రాడు ముఖ్యం. ఒక్క హెచ్చరిక, ఎవరైనా వచ్చి 'యాక్సెస్ పాతది సార్, ఎస్‌క్యూలైట్ పెట్టి అదే షేర్ ఫోల్డర్లో పడేద్దాం' అంటే ఒప్పుకోకండి. ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లే నెట్‌వర్క్ ఫోల్డర్లో పెట్టొద్దంటారు. రోగం అదే, పేరు మారుతుందంతే.

మా దగ్గర కస్టమర్ల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్లో సేవ్ చేస్తే ఒడియా పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. తెలుగువి కూడా కొన్ని అలాగే ఉన్నాయి. తిరిగి రప్పించే దారి ఉందా? – జయపురం

లేదండీ, అవి తెరమీద ప్రశ్నార్థకాలుగా కనిపించడం కాదు, లోపల నిజంగానే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయాయి, ప్రతి అక్షరానికీ, దాని మీది గుణింతానికీ ఒక్కో గుర్తు. పాత బ్యాకప్‌లో ఉంటే సరే, లేకపోతే కూర్చుని మళ్లీ టైపు చేయాల్సిందే. కాలమ్ రకం వార్‌చార్‌గా ఉండి ఉంటుంది, దాన్ని అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వార్‌చార్‌కి మార్చండి. మార్చినా కొన్ని పాడవుతున్నాయంటే, కోడ్‌లో ఎవరో పేరుని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించారు, కోట్ గుర్తుకి ముందు ఎన్ అక్షరం పెట్టలేదు. మీ ప్రోగ్రాంలో కొన్ని తెరలు పారామీటర్లతోనూ, అంటే పేరుని వాక్యంలో అతికించకుండా విడిగా పంపేలా, కొన్ని అతుకులతోనూ రాసి ఉంటాయి, అందుకే తెలుగు పేర్లు కొన్ని మిగిలాయి. అన్నీ పారామీటర్లకి మార్పించండి, దాంతో ఈ బెడద పోతుంది, పేరులో అపాస్ట్రఫీ వస్తే ప్రోగ్రాం పడిపోయే బెడద కూడా పోతుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు అక్షరాల సెట్టింగులో యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌లలో యూటీఎఫ్8 ఉంటే ఈ సమస్యే రాదు.

ఇంకో సంగతి, మన వైపు కొట్లకే ఎదురయ్యేది. అక్షరక్రమంలో పెట్టమంటే ఎస్‌క్యూలైట్ ముందు ఇంగ్లిషు పేర్లన్నీ, తర్వాత ఒడియావి, ఆ తర్వాత తెలుగువి చూపిస్తుంది, యూనికోడ్‌లో ఒడియా అక్షరాలు తెలుగుకంటే ముందు ఉండటమే కారణం. దానితో బతకొచ్చు. బతకలేనిది వెతుకులాట. 'రాజ్‌కుమార్' అని ఒకరు జ తర్వాత వత్తు విడిపోయేలా కంటికి కనిపించని గుర్తు ఒకటి కొట్టి రాస్తారు, ఇంకొకరు అది లేకుండా రాస్తారు, సాదాగా పోల్చే డేటాబేస్‌కి అవి ఇద్దరు మనుషులు. పైగా అదే మనిషి పేరు కౌంటర్లో ఇంకో అబ్బాయి ఒడియాలో రాసి ఉంటాడు. సేవ్ చేసేముందు ఆ కనిపించని గుర్తు తీసేసిన పేరుని వెతకడానికి వేరే కాలమ్‌లో పెట్టుకోండి, ప్రతి కస్టమర్‌కీ ఒక నంబరు ఇవ్వండి, వెతికేది మాత్రం ఫోన్ నంబరుతో. ఫోన్ నంబరు కూడా టెక్స్టుగానే పెట్టాలి. పది అంకెలది మామూలు ఇంటిజర్‌లో పట్టదు.

ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం ఇరవై ఏళ్లుగా వాడుతున్నాం. మా నాన్నగారు రాయించింది. ఇప్పుడు కొత్త కంప్యూటర్ కొంటే పని చేస్తుందా? మానేయమని అందరూ భయపెడుతున్నారు. – బరంపురం

డాస్ ఫాక్స్‌ప్రోనా, విజువల్ ఫాక్స్‌ప్రోనా అన్నది చెప్పలేదు మీరు. నల్ల తెరమీద వచ్చే డాస్‌దైతే 64 బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు, డాస్‌బాక్స్ లాంటిది వేసి నడిపించుకోవాలి, ప్రింటరు దగ్గర ఏడిపిస్తుంది. విజువల్ ఫాక్స్‌ప్రో అయితే కొత్త విండోస్‌లో ఇప్పటికీ నడుస్తుంది. కాకపోతే 2004లో వచ్చిన 9వ వెర్షనే ఆఖరిది, 2015 జనవరితో సపోర్టు కూడా అయిపోయింది. ఇవాళ ఆగదు, కానీ ఆగిన రోజున బాగుచేసే మనిషి దొరకడు.

నన్నడిగితే హడావుడి పడొద్దు, ఏప్రిల్ 1కి మార్చండి. ఇరవై ఏళ్ల డేటా మొత్తం కొత్తదాంట్లోకి తోడాలని పట్టుపడితే ఆ పని తెమలదు. మార్చి 31 నాటి బాకీలు, స్టాకు, కస్టమర్ల లిస్టు, ఇవి మాత్రం తెచ్చుకుని కొత్త పుస్తకం తెరవండి. పాత ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌ని పారేయకుండా మూలన పెట్టండి, చూడటానికి మాత్రమే. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. 2025-26కి ఆ గడువు 2026 డిసెంబర్ 31, అంటే ఆ ఏడాది పుస్తకాలు 2032 డిసెంబర్ ఆఖరు దాకా మీ దగ్గర ఉండాలన్నమాట.

కస్టమర్ల లిస్టు తెచ్చేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది, చూసి నవ్వుకోండి. ఫాక్స్‌ప్రోలో డిలీట్ అంటే తీసేయడం కాదు, పక్కన ఒక టిక్కు పెట్టడం, ప్యాక్ అని కొట్టినప్పుడే నిజంగా పోతుంది. ఎప్పుడూ ప్యాక్ కొట్టని ఫైలుని నేను ఒకసారి సొంతంగా రాసిన కోడ్‌తో చదివించి ఆ టిక్కు చూడటం మర్చిపోయాను, పదేళ్ల కిందట చనిపోయిన పెద్దాయన బాకీతో సహా లేచొచ్చాడు. ఆయన కొడుకు కౌంటర్లోనే ఉన్నాడు.

నేను చేసిన ప్రోగ్రాం నాలుగైదు కొట్లకి అమ్ముదామనుకుంటున్నాను. మైఎస్‌క్యూఎల్ ఉచితమే కదా? – గుణుపురం

వాడుకోవడానికి ఉచితం. దాన్ని మీ ప్రోగ్రాంతో కలిపి, సోర్సు ఇవ్వకుండా అమ్మేటప్పుడు మాత్రం కలిపి ఇస్తే మీ సోర్సు కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు అడ్డొస్తుంది, అప్పుడు కమర్షియల్ లైసెన్సు మాట వస్తుంది. ఆ తలనొప్పి ఎందుకు? ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్, ఫైర్‌బర్డ్ ఈ మూడింటికీ ఆ బాధ లేదు. నాలుగైదు కొట్లు అంటున్నారు కాబట్టి ఇంకో మాట, అందరికీ ఒకే డేటాబేస్ పెట్టండి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి పెడితే అప్‌డేట్ ఇచ్చిన ప్రతిసారీ మీరు నాలుగు ఊళ్లు తిరగాలి.

ఆన్‌లైన్ డేటాబేస్ పెట్టేస్తే బ్యాకప్ గొడవే ఉండదంటున్నారు. తిత్లీ తుఫానుకి మా కొట్లో నీళ్లొచ్చి కంప్యూటర్ పోయింది, అప్పటి నుంచి భయం. మాది ఒక్క కంప్యూటరే, ఎస్‌క్యూలైట్ వాడుతున్నాం. – కాశీనగర్

2018 అక్టోబర్ 11 మన జిల్లాలో ఎవరు మర్చిపోతారండీ. కానీ ఆ రోజుల్లో కరెంటు, సెల్ టవరు, నెట్టు ఏవైనా పనిచేశాయా? ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్న డేటాతో తుఫాను మర్నాడు చేబదులు లెక్కలు కూడా చూసుకోలేరు. డేటా కొట్లోనే ఉండనివ్వండి, కాపీ మాత్రం ఊరు దాటాలి.

ఎస్‌క్యూలైట్ ఒకే ఫైలు కదా అని ప్రోగ్రాం తెరిచి ఉండగానే పెన్‌డ్రైవ్‌లోకి లాగేయకండి, సరిగ్గా అదే క్షణంలో రాత జరుగుతుంటే ఆ కాపీ పనికిరాదు. రాతల్ని ముందు వేరే ఫైల్లో రాసుకునే వాల్ మోడ్ పెట్టి ఉంటే తాజా బిల్లులు పక్కనున్న ఇంకో ఫైల్లో ఉంటాయి, మీ కాపీలోకి అవి రావు. వ్యాక్యూమ్ ఇంటూ అనే ఒక్క ఆజ్ఞ ఉంది, ప్రోగ్రాం నడుస్తున్నా సరే శుభ్రమైన కాపీ తీసిస్తుంది, మీ ప్రోగ్రాం రాసినవాళ్లని 'రోజు ముగించు' అనే బటన్ కింద అది పెట్టమనండి, ఫైలు పేరులో తేదీ వచ్చేలా. పెన్‌డ్రైవ్‌లు రెండు పెట్టుకోండి, ఒకటి మీ జేబులో ఇంటికి వెళ్లాలి, రెండోది వారానికోసారి వేరే ఊళ్లో చుట్టాలింటికి. నెట్టు ఉన్న రాత్రి అదే కాపీని ఆన్‌లైన్ డ్రైవ్‌లోకి కూడా ఎక్కించుకోండి, అందులో పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌గా.

ఇదంతా చేసి కూడా నేను మోసపోయాను. ఒక కొట్లో డేటా ఫోల్డరు డీ డ్రైవ్‌కి మార్చాను, బ్యాకప్ బటన్ మాత్రం పాత సీ డ్రైవ్ దారినే పట్టుకుని ఉంది. అక్కడ ఫైలు లేకపోతే ఎస్‌క్యూలైట్ తప్పు చూపించదు, ఖాళీ ఫైలు తయారుచేసుకుని దాన్నే తెరుస్తుంది. ఆర్నెల్లు రోజూ సాయంత్రం ఓనరు గారు ఎంతో శ్రద్ధగా ఆ ఖాళీని కాపీ తీశారు, 'బ్యాకప్ పూర్తయింది' అని ఆకుపచ్చ మెసేజ్ కూడా వచ్చేది. హార్డ్ డిస్కు పోయిన రోజున పెన్‌డ్రైవ్ తెరిస్తే నూట యాభై పైచిలుకు ఫైళ్లున్నాయి, అన్నీ ఒకే సైజు.

అందుకని ఆదివారం కొట్టు కట్టేశాక ఆ వారం కాపీని ఇంటి దగ్గర లాప్‌టాప్‌లో తెరిచి, శనివారం కొట్టిన ఆఖరి బిల్లు అందులో ఉందో లేదో చూడండి. ఆ బిల్లు కాగితం కూడా జేబులో వేసుకుని వెళ్లండి, నంబరు, మొత్తం రెండూ సరిపోవాలి.